నవ్వించిన మనిషి యాదిలో

ఈ నెల అందిన ఉత్తరాలలో మూడు ఒకే విషయాన్ని మూడు వైపుల నుంచి అడిగాయి కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఇంటిల్లిపాదినీ నవ్వించిన మనిషి వెళ్లిపోయాక ఆ మనిషిని ఎలా తలుచుకోవాలన్నదే ఆ విషయం. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా పెద్దనాయన ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత నల్గొండలోనే స్థిరపడ్డారు. మా ఇళ్లలో ఏ లగ్గం జరిగినా ఎదురుకోళ్ల దగ్గర మా వైపు నుంచి ముందు నిలబడి అవతలివారిని ఆట పట్టించేది ఆయనే. పండుగలకు అందరం కలిసినప్పుడు వాకిట్లో పీటలు, స్టూళ్లు వరుసగా వేయించి, పిల్లలను ప్రయాణికులుగా కూర్చోబెట్టి 'బస్సు ఆట' ఆడించేవారు. తన పాత టికెట్ పంచ్‌ను టకటకలాడిస్తూ, కుదుపులకు ఊగుతూ ఆ వరుసల మధ్య నడిచేవారు. కోడిని చంకలో పెట్టుకొని ఎక్కిన అవ్వగా, టికెట్ అడిగితే నిద్ర నటించే పెద్దమనిషిగా, విసుక్కునే డ్రైవరుగా ఆయన ఒక్కరే మారిపోయేవారు. నిరుడు పోయారు. వచ్చే నెలలో సంవత్సరీకం ఉంది. ఆ రోజు బస్సు ఆట ఆడతామని మనుమలు, మనుమరాండ్రు పట్టుబడుతున్నారు. 'ఏడ్వాల్సిన నాడు నవ్వులేంది, నలుగురు ఏమనుకుంటరు' అని మా చిన్నాయన కోప్పడుతున్నారు. పెద్దమ్మ ఏమీ అనడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఆడనివ్వండమ్మా. పొద్దున జరగవలసిన కార్యం శ్రద్ధగా జరగాలి, వచ్చిన చుట్టాల భోజనాలు కావాలి, ఎండ తగ్గాక అదే వాకిట్లో పీటలు వేయండి. ఈ రెండింటికీ పొత్తు కుదరదని మీ చిన్నాయన అనుకోవడం సహజమే గాని, మన ప్రాంతపు ఆచారం ఆయన పక్షాన లేదు. భాద్రపద అమావాస్యను మనం పెత్రమాస అంటాం. ఆ పొద్దున గతించిన తల్లిదండ్రుల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇచ్చిన ఇంట్లోనే, అదే రోజు తంగేడు పూలు, గునుగు పూలు పేర్చి, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుకొని ఆడవాళ్లు బయలుదేరతారు. పెద్దలకు బియ్యమిచ్చిన చేతులే చప్పట్లు చరుస్తూ బతుకమ్మ చుట్టూ తిరుగుతాయి. పొద్దున తలుచుకున్నవారికి సాయంత్రం ఆట అవమానమని మన తల్లులు ఏనాడూ అనుకోలేదు.

పీరీల పండుగనూ చూడండి. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్ అమరుడైన దుఃఖం దానికి మూలం. అయినా మన పల్లెల్లో ఆ దుఃఖాన్ని తలుచుకునే రాత్రి అలావా అనే నిప్పుల గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి అడుగులు వేస్తారు, మొక్కు ఉన్నవారు పులివేషం కడతారు. తోలుబొమ్మలాటలోనైతే రామకథ ఎంత బరువైన ఘట్టంలో ఉన్నా మధ్యమధ్య కేతిగాడు, బంగారక్క తెర మీదికి వచ్చి నవ్వించి పోతారు. వాళ్లు రావడం వల్ల రాముడి దుఃఖం తగ్గిపోయిందని చూసేవాళ్లు ఎవరూ అనలేదు. కాబట్టి నలుగురి గురించి మీ చిన్నాయనకు దిగులు అక్కరలేదు. పిలవదగిన ఆ నలుగురూ ఒకనాడు ఆ బస్సెక్కినవారే అయి ఉంటారు.

అయితే మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది చిట్టచివరి మాట దగ్గర. 'పెద్దమ్మ ఏమీ అనడం లేదు' అన్నారు. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. అందరి ముందు అడిగితే ఆమె పిల్లల మొహం చూసి 'మీ ఇష్టం' అంటారు. మీరు ఒక్కరే వెళ్లి, ఆమె పక్కన కూర్చొని, బియ్యం ఏరుతూనో కూర తరుగుతూనో మెల్లగా అడగండి. ఆ పంచ్ చప్పుడు వినగలరా లేదా అని అడగండి. ఆట ఆడమని చెప్పి, తాను లోపలి గదిలో ఉంటానంటే ఉండనివ్వండి, బయటికి రమ్మని ఎవరూ చేయి పట్టి లాగవద్దు. ఇప్పుడు వద్దు, వచ్చే పెత్రమాసకు చూద్దామంటే పిల్లలకు మీరే నచ్చజెప్పండి. నలభై యాభై ఏళ్లు ఆ మనిషితో సంసారం చేసింది ఆమె. ఈ విషయంలో మొదటి మాటా, చివరి మాటా ఆమెవే కావాలి.

ఇక ఆట సంగతి. పిల్లలు ఆడతామంటున్న ఆట వాళ్లకు ఎంతవరకు తెలుసో ముందుగా కనుక్కోండి. ఇది నేను ఊరికే చెప్పడం లేదు. మా మేనమామ మిర్యాలగూడ దగ్గరి పల్లెలో ఉండేవారు. ఆయన వచ్చారంటే పొయ్యి మీద కూర మాడిపోయినా ఎవరూ లేచేవారు కాదు. ఆయన పోయిన ఏడాదికి మేమందరం తలా కొంత వేసుకొని నలభై పేజీల పుస్తకం అచ్చు వేయించాం. అందులో 'నిరాడంబరుడు', 'పరోపకారి', 'హాస్యప్రియుడు' అన్న మాటలు పేజీపేజీకీ ఉన్నాయి. ఆయన అన్న మాట ఒక్కటి కూడా లేదు. మూసీ వరదలో బండి కొట్టుకుపోయిన కథ ఆయన చెప్పినన్ని సార్లు నేను విన్నాను. చివరలో గొంతు తగ్గించి, కళ్లు పెద్దవి చేసి, 'అప్పుడు ఎద్దు నన్ను జూసింది, నేను ఎద్దును జూసిన' అనేవారు, ఇల్లంతా పగలబడి నవ్వేది. ఆ ఒక్క వాక్యమే నా దగ్గర మిగిలింది. బండి ఎందుకు కట్టారు, ఎక్కడికి పోతున్నారు, పక్కన ఎవరున్నారు, ఎద్దు ఎందుకు అట్లా చూసింది అన్నది మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. తెలిసిన ఇద్దరు ముగ్గురు కూడా వెళ్లిపోయారు. నా మనుమరాలు అడిగినప్పుడల్లా నేను ఆ చివరి వాక్యం చెబుతాను. ఆ పిల్ల నవ్వదు. ముందు కథ లేనిదే ఆ వాక్యంలో నవ్వు లేదు.

మీకు అట్లా కావద్దు. సంవత్సరీకానికి ఇంకా నెల ఉంది. బస్సు ఎక్కడ బయలుదేరేది, ఏయే స్టేజీలలో ఆగేది, ఎవరు ఎక్కడ ఎక్కేవారు అన్నది ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగి రాసుకోండి. ఒకరి ముందు మరొకరిని అడిగితే మొదట చెప్పినవారి మాటే అందరి మాట అయిపోతుంది. నార్కట్‌పల్లిలో చాయకు ఆపేవారని ఒకరు, చిట్యాలలో అవ్వ దిగేదని మరొకరు, చౌటుప్పల్ దాటగానే డ్రైవరు బ్రేకు వేస్తే అందరం ఒకవైపు పడేవాళ్లమని ఇంకొకరు చెప్పవచ్చు. పొంతన కుదరకపోతే రెండూ రాయండి. పెద్దపిల్లల కాలంలో ఒక తీరుగా, చిన్నపిల్లల కాలంలో ఇంకొక తీరుగా ఆయనే మార్చి ఉంటారు. ఆయన చేతులు ఏం చేసేవి, అవ్వ అయినప్పుడు నడుము ఎంత వంచేవారు, కోడి కోసం ఏ చప్పుడు చేసేవారు, అందరికంటే ముందు నవ్వేది ఎవరు, ఎవరు నవ్వేదాకా ఆయన వదిలేవారు కాదు వంటివి అడగండి. 'పెద్దనాయన ఎట్లాంటి మనిషి' అని అడిగితే మాత్రం 'బంగారమసోంటి మనిషి' అన్న మాటే వస్తుంది. అది నిజమే కావచ్చు గాని, రేపు పుట్టబోయే పిల్లకు ఆ మాటలో ఆయన కనిపించరు.

పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న కథను కిన్నెర మీద పాడతారు. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిన తర్వాత ఆ కథ పట్నంవారికీ తెలిసింది. సాయన్న గొప్పవాడు అని ఊరికే పొగిడితే ఆ కథ ఇన్నాళ్లు నిలిచేది కాదు. ఉన్నవారి సొమ్ము తెచ్చి లేనివారికి పెట్టిన పనిని అది చెబుతుంది. మీ పెద్దనాయన విషయంలోనూ పొగడ్తలను పక్కన పెట్టి పనులు రాయండి. ఎదురుకోళ్ల దగ్గర ఏ పెండ్లిలో ఎవరిని ఏమన్నారు, వాళ్లు తిరిగి ఏమన్నారు, మాట పెరిగి ఎవరికైనా నొప్పి కలిగితే ఆయన దాన్ని ఎట్లా సర్దుకొచ్చారు అన్నవి రాయండి. ఇంకొక ప్రశ్న తప్పక అడగండి: ఆయన ఎవరి మీద ఎన్నడూ పరాచికం ఆడలేదు? ఇంటిని నవ్వించే మనిషికి ఒక లెక్క ఉంటుంది. పిల్లలు లేని మరదలిని, కాలు కుంటే అల్లుణ్ని, చదువు అబ్బని పిల్లవాణ్ని ఆయన నవ్వులో నుంచి తప్పించి ఉంటారు. ఆ తప్పించడం ఎవరూ గమనించి ఉండరు, తప్పించబడ్డవారు తప్ప. వాళ్లను అడిగితే ఆయన గురించి మీకు ఇంతవరకు తెలియనిది తెలుస్తుంది.

రాసేటప్పుడు ఆయన మాటను దిద్దకండి. 'టికెట్ తీసుకున్నారా అవ్వా' అని ఆయన అనలేదు కదా. 'టికెట్ దీసుకున్నవా అవ్వా, కోడికి సుత దీసుకోవాలె' అని ఉంటారు. చదువుకున్నవాళ్లం కాగితం మీద పెట్టగానే భాషను ఇస్త్రీ చేస్తాం. ఆయన హాస్యం సగం ఆ యాసలోనే ఉంది. అది పోతే కండక్టరు మిగులుతాడు, మీ పెద్దనాయన మిగలరు. అన్నట్టు, ఆ పంచ్ ఎవరి దగ్గర ఉందో చూడండి. తుప్పు పట్టి ఉంటే కొంచెం కొబ్బరినూనె రాసి, ఆట ఆడేవాళ్లలో అందరికంటే చిన్న పిల్ల చేతికి ఇవ్వండి.

ప్రశ్న: మా నాన్నగారు జడ్చర్ల ప్రాంతంలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి రైలు కూత, మేకల మంద, సంతలో బేరాలు, మా నాయనమ్మ దగ్గు, అన్నీ నోటితో వినిపించేవారు. ఆయన గొంతు ఉన్న ఏడు క్యాసెట్లు ట్రంకుపెట్టెలో దొరికాయి. రెండింటి మీద తెల్లగా బూజులాంటిది ఉంది. పాత టేపురికార్డర్ కూడా ఉంది. వేసి వినవచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: తొందరపడి వేయకండి. ముఖ్యంగా బూజు ఉన్న రెండింటినీ అసలే వేయవద్దు. ఆ బూజు టేపురికార్డర్‌లో టేపును చదివే భాగానికి, అంటే హెడ్‌కు అంటుకొని మిగతా ఐదింటికీ పాకుతుంది. వాటిని వేరే డబ్బాలో పెట్టి, పాత క్యాసెట్లను శుభ్రం చేసి కాపీ తీసే పని తెలిసినవారికే ఇవ్వండి. వరంగల్‌లో పుట్టిన ధ్వన్యనుకరణ కళాకారులు నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) గారి ప్రతిభ సభల్లో, రికార్డుల్లో వేలమందికి అందింది. కోదాడ నుంచి మిమిక్రీతో మొదలై సినిమాకు వెళ్లిన హాస్యనటుడు, మరో వేణుమాధవ్ 2019లో కన్నుమూసినా, ఆయన పాత్రలు ఇప్పటికీ టీవీలో కనిపిస్తూనే ఉన్నాయి. ఇంటివారి కోసమే గొంతు మార్చిన మీ నాన్నగారికి ఈ ఏడు క్యాసెట్లే ఆధారం. వాటితో మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎక్కువ కాదు.

మిగిలిన ఐదింటి పని మీరే చేసుకోవచ్చు. ముందుగా ప్రతి క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచేయండి. అవి లేని క్యాసెట్ మీద రికార్డు బటన్ దిగదు, కాబట్టి పొరపాటున నాన్నగారి గొంతు చెరిగిపోయే ప్రమాదం ఉండదు. టేపురికార్డర్ హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని శుభ్రం చేసి, అక్కరలేని సినిమా పాటల క్యాసెట్ ఒకటి వేసి చూడండి. అది నమలకుండా తిరిగితేనే నాన్నగారి క్యాసెట్ పెట్టండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి కనుక, ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, అప్పుడు వినండి.

వింటున్న మొదటిసారే రికార్డు కూడా జరగాలి. టేపు తెగితే రెండోసారి ఉండకపోవచ్చు. టేపురికార్డర్‌కు ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి. ల్యాప్‌టాప్‌లో బయటి శబ్దం తీసుకునే రంధ్రం లేకపోతే యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ కార్డు కొనవలసి వస్తుంది. మొదటి ప్రతిని వేవ్ ఫైలుగా దాచండి. నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది, అంటే 60 నిమిషాల క్యాసెట్‌కు 600 ఎంబీ. చుట్టాలకు ఫోన్లో పంపడానికి దాని నుంచి ఎంపీ3 చేసుకోండి. గరగర శబ్దాన్ని తీసేసే పని మొదటి ప్రతి మీద చేయకండి. ఆ గరగరలో వెనక ఎవరో గిన్నె పెట్టిన చప్పుడు, మీ అమ్మగారు 'ఇంక సాలు, అన్నం తినుండ్రి' అన్న మాట ఉండవచ్చు. ఫైలును మూడు చోట్ల దాచండి, వాటిలో ఒకటి మరో ఊళ్లో ఉన్న తోబుట్టువు ఇంట్లో ఉండాలి. ఇదంతా అయ్యాక కూడా క్యాసెట్లను పారేయవద్దు.

ఒక సంగతి అడగలేదు గాని చెబుతాను. ఆ శబ్దాలు ఎవరివో, ఏమిటివో తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకొని వినండి. ఆ బేరం ఏ సంతలోది, ఆ దగ్గు నాయనమ్మదే అని మీకు తెలుసు, మీ పిల్లలకు తెలియదు. ఏ నిమిషంలో ఏది వస్తుందో ఒక కాగితం మీద రాసి ఫైలుతో పాటు ఉంచకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత వినేవారికి అది ఎవరో దగ్గుతున్న చప్పుడు మాత్రమే అవుతుంది.

ప్రశ్న: నా భర్త పోయి రెండేండ్లయింది. ఊరంతా ఆయనను 'నవ్వుల మామ' అని పిలిచేది. ఇప్పుడు మా అల్లుళ్లు, మరుదులు ఆయన ముచ్చట్లన్నీ రాస్తున్నారు, నన్నూ రాయమంటున్నారు. బయట నవ్వించి ఇంటికొచ్చాక ఒక్కొక్క రాత్రి ఆయన అరుగు మీద కూర్చొని గంటలకొద్దీ మాట్లాడేవారు కాదు. కొడుకును పోగొట్టుకున్న తర్వాత అది ఎక్కువైంది. అది నాకొక్కదానికే తెలుసు. రాస్తే ఆయన పేరు చెడుతుందా? రాయకుంటే అబద్ధం చెప్పినట్లవుతుందా?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: అమ్మా, ఆయన పేరు చెడదు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఊరి పిల్లలను నవ్విస్తూ తిరిగారని తెలిస్తే, ఆ నవ్విన పిల్లలు ఆయనను ఇంకా ఎక్కువగా తలుచుకుంటారు. అయితే దాన్ని అందరూ రాసే పుస్తకంలో పెట్టాలన్న నిర్బంధం మీకు లేదు. ఆ రాత్రులు మీ ఇద్దరివి. వాటిని ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మీ ఇష్టం. పెట్టకపోతే అబద్ధం చెప్పినట్లు కాదు.

నా మనసులోని మాట చెప్పమంటే, రాసి పెట్టుకోండి అంటాను. ఎవరికీ చూపించనక్కరలేదు. రాయడం చేతకాదనుకుంటే మీరు నమ్మిన మనుమరాలికి ఫోన్లో చెప్పండి, ఆ పిల్ల రికార్డు చేసి దాచుకుంటుంది. మీ ఇంట్లోనూ రేపు బయట అందరినీ నవ్వించి, ఇంటికొచ్చి మాట్లాడకుండా కూర్చునే బిడ్డ ఒకరు ఉండవచ్చు. తాతకూ అట్లాగే ఉండేదని తెలిస్తే ఆ బిడ్డ తనలో ఏదో లోపం ఉందని అనుకోదు. ఆ మౌనం వారాల తరబడి వదలకుండా, తిండి, నిద్ర కూడా తప్పిపోయేంతగా ఉంటే మాత్రం అది వైద్యులకు చూపించవలసిన విషయమని కూడా ఆ బిడ్డకు చెప్పమనండి.

మీరు ఆ రాత్రులలో ఏం చేసేవారో మీ ఉత్తరంలో రాయలేదు. పక్కన కూర్చునేవారా, చాయ పెట్టి ఇచ్చేవారా, లోపలి నుంచి చూస్తూ ఉండేవారా? తెల్లారి మళ్లీ ఆయన ఎవరిని చూసి, ఏ మాటతో నవ్వడం మొదలుపెట్టేవారు? అల్లుళ్ల ముచ్చట్లలో ఆ అరుగు ఉండదు. కుదిరిన రోజున దాని గురించి ఒక్క పేజీ రాయండి. మాకు పంపనక్కరలేదు.